తల తెగిన సేనాపతి డబ్బు దేవుడెలా అయ్యాడు? (చైనా గువాన్ యూ గురించి)

బెజవాడ బుల్లోడు:
పోయిన నెల ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్లాను. నేను దిగిన చోటికి దగ్గర్లో ఒక చిన్న చైనీస్ హోటలు, అందులో గల్లాపెట్టె వెనకాల ఎర్రటి మొహం, బొడ్డు దాకా గడ్డం, చేతిలో మనిషంత పొడుగు కత్తి ఉన్న బొమ్మ. ముందు రెండు నారింజ పళ్లు, ఎర్ర బల్బులు. మన కిరాణా కొట్లో లక్ష్మీదేవి పటం ఉన్నట్టే. ఓనర్ని అడిగితే "గువాన్ గోంగ్, వ్యాపారం బాగుండాలని పెట్టుకుంటాం" అన్నాడు. రూముకొచ్చి చూస్తే ఆయన మూడు రాజ్యాల కాలం (3వ శతాబ్దం, చైనా మూడు ముక్కలైన రోజులు) నాటి సేనాపతి గువాన్ యూ అని తేలింది. కాలేజీ రోజుల్లో నేను తెగ ఆడిన వీడియో గేములో నా ఫేవరెట్ ఆయనే! అప్పట్నుంచీ ఒకటే డౌటు. ఆయన చివరికి ఓడిపోయాడు, పట్టుబడ్డాడు, తల నరికేశారు. గెలిచినవాళ్లని వదిలేసి ఓడినవాణ్ణి దేవుణ్ణి చెయ్యడమేంటి, పైగా డబ్బు దేవుణ్ణి? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

సందేహాల సరోజ:
సింపుల్ అండీ, అంతా నవల మహిమ. మూడు రాజ్యాల నవల్లో ఆయన్ని హీరోని చేశారు, జనం గుడి కట్టారు. సినిమా హీరోకి గుడి కట్టేవాళ్లని మనం చూళ్లేదా.

పాత రాతలు:
సరోజ గారూ, తేదీలు చూస్తే అది కుదరదు. లువో గువాన్‌జోంగ్ పేరు మీద ఉన్న ఆ నవల 14వ శతాబ్దం నాటిది అంటారు. దానికి 200 ఏళ్ల ముందే సోంగ్ వంశపు హుయిజోంగ్ చక్రవర్తి గువాన్ యూకి ముందు ప్రభువు, ఆ తర్వాత రాజు అని బిరుదులిచ్చాడు. అప్పటికే ఆయనకి గుళ్లున్నాయి. అంటే దేవుడయ్యాకే నవలలోకి వచ్చాడు, నవల వల్ల దేవుడు కాలేదు.

అసలు చరిత్రలో ఉన్నది చాలా తక్కువ. 3వ శతాబ్దంలో చెన్ షౌ రాసిన మూడు రాజ్యాల చరిత్రలో ఈయన కథ చిన్నది. ఊరు షియెజౌ, ఇప్పటి షాన్‌షీ రాష్ట్రం యున్‌చెంగ్ దగ్గర, పక్కనే పెద్ద ఉప్పు చెరువు (దీన్ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది). ఏదో ఇబ్బందిలో పడి ఊరు వదిలి పారిపోయాడు, లియు బెయ్ అనే నాయకుడి దగ్గర చేరాడు (తర్వాత మూడు రాజ్యాల్లో ఒకటి ఆయనదే). క్రీ.శ. 200లో, లియు బెయ్ శత్రువైన ఉత్తరాది నాయకుడు త్సావ్ త్సావ్‌కి చిక్కాడు. త్సావ్ త్సావ్ బాగా చూసుకున్నా, ఆయన కోసం ఒక శత్రు సేనాపతిని చంపి రుణం తీర్చేసి, ఇచ్చిన బహుమతులన్నీ అక్కడే వదిలి పాత యజమాని దగ్గరికే వెళ్లిపోయాడు. 219లో ఉత్తరాన త్సావ్ త్సావ్ సైన్యం మీదికి వెళ్లి మంచి ఊపు మీదుండగా, వెనకనుంచి ఆగ్నేయ రాజ్యం పాలకుడు సన్ చువాన్ మనుషులు ఆయన స్థావరాన్ని పట్టేశారు. 220 మొదట్లో కొడుకుతో సహా చంపేశారు. తల త్సావ్ త్సావ్‌కి పంపారు, ఆయన మర్యాదగా పూడ్పించాడు. అందుకే "తల లుయోయాంగ్‌లో పడుకుంది, ఒళ్లు దాంగ్‌యాంగ్‌లో పడుకుంది, ప్రాణం సొంతూరు చేరింది" అని అక్కడో మాట ఉంది. మూడు చోట్లా పెద్ద గుళ్లున్నాయి.

ఇంకో మాట. చెన్ షౌ ఆయన్ని పొగిడాడు గానీ, గర్వం ఎక్కువ, అదే కొంప ముంచింది అని కూడా తేల్చేశాడు.

బెజవాడ బుల్లోడు:
మరి నవల్లో లియు బెయ్, గువాన్ యూ, జాంగ్ ఫెయ్ ముగ్గురూ పీచ్ తోటలో అన్నదమ్ములుగా ప్రమాణం చేసుకోవడం? 82 కాటీల (కాటీ అంటే పాత చైనా తూకం) కత్తి?

పాత రాతలు:
తోట సీను చరిత్రలో లేదు. ముగ్గురూ ఒకే మంచం మీద పడుకునేవాళ్లు, సొంత అన్నదమ్ముల్లా ఉండేవాళ్లు అని మాత్రం ఉంది. కత్తి కూడా కల్పితమే, ఆ రకం ఆయుధం ఆ కాలంలో లేదు. చేతికి విషబాణం తగిలితే ఎముక గీకించుకుంటూ కూర్చుని మందు తాగుతూ కబుర్లు చెప్పాడన్నది మాత్రం చరిత్రలోనే ఉంది, నమ్మినా నమ్మకపోయినా. నవల ఆ వైద్యుడు హువా తువో అంటుంది. పాపం హువా తువో 208 కల్లా చనిపోయాడు.

సందేహాల సరోజ:
సరే, నవల కాదు. మరి మొదట్లో ఎందుకు పూజించారు? వీరుడనా?

పాత రాతలు:
భయపడి. ఇది చాలామందికి నచ్చదు గానీ నాకు అన్నిటికన్నా ఆసక్తిగా ఉండేది ఇదే. కోపంతో, అన్యాయంగా, తల లేకుండా పోయినవాడు. అలాంటివాడి ప్రాణం ఊరుకోదని ఏ పల్లెటూరి మనిషైనా చెబుతాడు. ఆయన చనిపోయిన దాంగ్‌యాంగ్, జింగ్‌జౌ చుట్టుపక్కలే పూజ మొదలైంది. టాంగ్ వంశం చివరి రోజుల కథల్లో "గువాన్ మూడోవాడు" అని ఒక దయ్యం పేరు వస్తుంది. దయ్యాల సైన్యంతో ఊరి మీద పడుతుందని జనం వణికిపోయేవాళ్లు. అంటే మొదట దేవుడు కాదు, శాంతి చేయించుకునే శక్తి.

ఆ ప్రాంతంలోనే యూచువాన్ అనే బౌద్ధ విహారం ఉంది. దాన్ని పెట్టిన జీయి అనే పెద్ద ఆచార్యుడు 597లో పోయాడు. ఆ విహారం కట్టడంలో గువాన్ యూ ఆత్మ సాయం చేసిందని 802 నాటి శాసనం చెబుతోంది. తర్వాత తర్వాత ఆ కథ పెరిగి, ఆ ఆత్మ ఆచార్యుడి దగ్గర దీక్ష తీసుకుందనీ, అప్పట్నుంచీ బౌద్ధానికి కాపలా ఉందనీ అయింది. ఇప్పటికీ చైనా బౌద్ధ గుళ్లలో ద్వారపాలకుడిలా ఆయన బొమ్మ కనిపిస్తుంది. నవల్లో "నా తల నాకివ్వండి" అని ఆకాశంలో అరుస్తూ తిరిగే సీను ఉందే, అది ఈ పాత భయం నీడే అని నా అభిప్రాయం.

అదే సమయంలో ప్రభుత్వం లెక్కలో ఈయన స్థాయి ఏంటో చూడండి: 782లో రాజధానిలోని యుద్ధ దేవాలయంలో పక్కన నిలబెట్టిన 64 మంది సేనాపతుల్లో ఒకడు. అంతే. మూలవిరాట్టు వేరే ఆయన.

మేడారం దారి:
మాస్టారూ ఇది చదువుతుంటే రోమాలు లేచినయ్. మా వైపు పేరంటాలు గుళ్లు ఇట్లాంటివే కదా, అకాలంగా పోయిన ఆడవాళ్లకి కట్టినవి. సమ్మక్క సారలమ్మ కూడా. కాకతీయుల సైన్యంతో కొట్లాడి, ఓడి, సమ్మక్క చిలకలగుట్ట ఎక్కి మాయమై కుంకుమ భరిణె అయింది. ఓడినవాళ్లే దేవతలు. గెలిచిన రాజుకి మేడారంలో ఎవడూ బెల్లం తూయడు.

గుంటూరు గోంగూర:
పల్నాడు మర్చిపోయారా అన్నా. కారంపూడిలో వీరుల గుడి. వాళ్ల ఆయుధాల్ని కొణతాలు అంటాం, నాగులేరులో కడిగి పూజ చేస్తాం. మాకు మనిషి కన్నా కత్తికే పూజ ఎక్కువ.

పాత రాతలు:
గోంగూర గారూ భలే గుర్తు చేశారు. ఉత్తర చైనా పల్లెల్లో గువాన్ యూ వాన దేవుడు కూడా. వాళ్ల పంచాంగంలో 5వ నెల 13వ రోజు ఆయన కత్తి నూరుకునే రోజు. ఆ రోజు వాన పడితే అది ఆయన కత్తి నూరే నీళ్లే. వాన పడకపోతే ఆ ఏడు కరువని దిగులు పడేవాళ్లు. సేనాపతికీ వానకీ సంబంధమేంటని చదువుకున్నవాడు అడుగుతాడు, రైతు అడగడు.

చీరాల లెక్కలు:
నేను అకౌంట్స్ మనిషిని కాబట్టి డబ్బు విషయం నేను చెబుతా, మాస్టారు ఉప్పు చెరువుని గుర్తుంచుకోమన్నారుగా.

సోంగ్ కాలంలో ఆ షియెజౌ చెరువులో ఉప్పు సరిగ్గా పండటం మానేసింది. చెరువుని పాడుచేస్తున్నది చీయూ అనే పాత రాక్షసుడని కథ. చక్రవర్తి దావో మతపు పెద్ద గురువు జాంగ్‌ని పిలిపిస్తే, ఆయన మంత్రం వేసి గువాన్ యూని దింపాడు, గువాన్ యూ ఆ రాక్షసుణ్ణి కొట్టి చెరువు విడిపించాడు. గమనించండి, ఇక్కడికి బౌద్ధుల కాపలాదారుడు దావో వాళ్ల సేనాపతి కూడా అయిపోయాడు, పైగా పుట్టిన ఊరి చెరువుకే. ఉప్పు అంటే అప్పటి ప్రభుత్వానికి ఇప్పటి పెట్రోలు పన్ను లాంటిది, చక్రవర్తి ఊరికే గురువుని పిలిపిస్తాడా.

తర్వాత మింగ్ కాలం. సరిహద్దులో సైన్యానికి ధాన్యం చేర్చిన వ్యాపారికి ప్రభుత్వం ఉప్పు అమ్ముకునే లైసెన్సు ఇచ్చేది. సరిహద్దుకి దగ్గరగా ఉన్నదీ, ఉప్పు చెరువు ఉన్నదీ షాన్‌షీ వాళ్లకే. దాంతో ఆ రాష్ట్రపు వ్యాపారులు దేశమంతా పాకారు. ఊరు కాని ఊళ్లో వాళ్ల సత్రాలు, సంఘ భవనాలు కట్టుకునేవాళ్లు, అందులో ప్రతి చోటా వాళ్ల ఊరి దేవుడు గువాన్ యూ. కొత్త ఊళ్లో అప్పు ఇచ్చేవాడికి కావాల్సింది ఏంటి? మాట తప్పని మనిషి. త్సావ్ త్సావ్ అంత బంగారం పోసినా తీసుకోకుండా పాత యజమాని దగ్గరికి వెళ్లిపోయినవాడి బొమ్మ ముందు కూర్చుని ఒప్పందం రాసుకుంటే, ఇద్దరికీ కొంచెం టెన్షన్ తగ్గుతుంది. అదండీ బుల్లోడు గారూ డబ్బుతో సంబంధం. డబ్బు ఇచ్చే దేవుడు కాదు, డబ్బు ఎగ్గొట్టనివ్వని దేవుడు. జమా ఖర్చుల లెక్క ఆయనే కనిపెట్టాడని కూడా చెప్పుకుంటారు, మా వృత్తికి కులదైవం అన్నమాట.

బెజవాడ బుల్లోడు:
"ఎగ్గొట్టనివ్వని దేవుడు". ఇది చాలు నాకు. ఆ హోటల్లో నేను బిల్లు కట్టకుండా బయటికొచ్చేసి, సగం దూరం వెళ్లాక గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తాను లెండి. ఇప్పుడర్థమైంది ఓనర్ ఎందుకంత ప్రశాంతంగా ఉన్నాడో.

కౌలాలంపూర్ తెలుగు:
మా మలేషియాలో ప్రతి రెండో చైనీస్ షాపులో ఉంటాడు. మా నాన్న పనిచేసిన వర్క్‌షాపులో పొద్దున్నే ముతలాలి (ఓనరు) అగరుబత్తీలు వెలిగిస్తే నాన్న పక్కనే ఉన్న మురుగన్ పటానికి కూడా ఒకటి వెలిగించేవాడు, ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవాళ్లు కాదు.

చైనీస్ ఫ్రెండ్ ఒకడు చెప్పిన మొహం కథ: యువకుడిగా ఉన్నప్పుడు జనాన్ని పీడించేవాడొకణ్ణి చంపేసి పారిపోతూ, ఒక ఊట దగ్గర మొహం కడుక్కుంటే ఎర్రగా అయిపోయిందట, ఎవరూ గుర్తుపట్టలేదు. కోట ద్వారం దగ్గర కాపలావాడు నీ ఇంటిపేరేంటి అంటే, ఎదురుగా ఉన్న ద్వారం చూపించి "గువాన్" అన్నాడు. ఆ మాటకి అర్థం కనుమ ద్వారమే. అప్పట్నుంచీ అదే ఇంటిపేరు. ఎంత బాగుంది!

హాంగ్‌కాంగ్‌లో ఇంకా తమాషా. పోలీస్ స్టేషన్లలో ఆయన బొమ్మకి మొక్కుతారు, వాళ్లు పట్టుకునే ముఠాల వాళ్లు కూడా ఆయనకే మొక్కుతారు. అన్నదమ్ముల ప్రమాణం అంటే ముఠాకీ కావాలి కదా.

సందేహాల సరోజ:
ఇక్కడే నా అభ్యంతరం. మీరంతా జనం జనం అంటున్నారు. బిరుదులిచ్చింది ఎవరు? చక్రవర్తులు. సైనికులు చచ్చేదాకా విధేయంగా ఉండాలి, దానికో బొమ్మ కావాలి. ఇది పై నుంచి రుద్దిన భక్తి కాదా?

పాత రాతలు:
సగం నిజం. 1614లో మింగ్ చక్రవర్తి వాన్‌లీ ఈయన్ని ఏకంగా "మూడు లోకాల రాక్షసుల్ని అణిచే మహా చక్రవర్తి" అన్నాడు. మంచూలు (చింగ్ వంశం) వచ్చాక ఇంకా పెరిగింది. వాళ్లు ఆ నవలని 1650 కల్లా మంచూ భాషలోకి తెచ్చుకున్నారు. 1725లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి ప్రతి జిల్లాలోనూ ప్రభుత్వ గుడి, పూజలు ఉండాలన్నాడు, గువాన్ యూ తాత ముత్తాతలకి కూడా బిరుదులిచ్చాడు. 19వ శతాబ్దం చివరికి బిరుదు పొడుగు 26 అక్షరాలు.

దీనికి పరాకాష్ఠ ఒకటి చెబుతా. ఆయన చనిపోయిన 40 ఏళ్లకి, 260లో, సొంత రాజ్యం వాళ్లు ఇచ్చిన బిరుదులో ఒక అక్షరానికి "తప్పు చేసినవాడు" అనే అర్థం కూడా వస్తుంది. 1776లో చియెన్‌లాంగ్ చక్రవర్తి ఆ చరిత్ర పుస్తకం ప్రతిలోనే ఆ బిరుదు తీయించి "విధేయుడు, ధర్మపరుడు" అనే అర్థమున్నది రాయించాడు. 1500 ఏళ్ల తర్వాత దేవుడి సర్వీసు రికార్డు దిద్దారు!

కానీ రుద్దితే అయిపోతుందా? ప్రసేన్‌జిత్ దువారా అనే మన భారతీయ చరిత్రకారుడు 1988లో ఈ దేవుడి మీదే ఒక వ్యాసం రాశారు. నేను అర్థం చేసుకున్నది నా మాటల్లో: తాటాకు మీద పాత రాతని పూర్తిగా గీకేయకుండా దాని మీదే కొత్తది రాసినట్టు. చక్రవర్తి విధేయత రాస్తాడు, వ్యాపారి నమ్మకం రాస్తాడు, ముఠా అన్నదమ్ముల ప్రమాణం రాస్తుంది, రైతు వాన రాస్తాడు. కింద రాతలు కనిపిస్తూనే ఉంటాయి, అందుకే పై రాతకి బలం. చక్రవర్తి తనకి నచ్చని అర్థాల్ని చెరపలేకపోయాడు.

మేడారం దారి:
మా సమ్మక్కకి ఏ రాజూ బిరుదు ఇయ్యలే. 1996లో రాష్ట్ర పండుగ అన్నరు గానీ ఇయ్యాల్టికీ అమ్మని గద్దె మీదికి తెచ్చేది కోయ పూజారులే. అక్కడ తేడా ఉంది మాస్టారూ, రెండూ ఒకటే అనకండి.

పాత రాతలు:
ఒప్పుకుంటున్నా. మొదలు ఒకేలా ఉంది, దారి వేరు.

బైలకుప్పె బాటసారి:
ఇన్ని చెప్పారు గానీ అసలు వింత ఎవరూ చెప్పలేదు. నేను కొన్నాళ్లు టిబెటన్ల మధ్య ఉన్నాను, అక్కడ విన్నాకే చదివాను.

1791లో నేపాల్ గూర్ఖాలు టిబెట్ మీద పడి షిగాట్సే దగ్గర తాషీలుంపో మఠాన్ని దోచారు. చియెన్‌లాంగ్ పంపిన సేనాపతి ఫుకాంగాన్ 1792లో వాళ్లని హిమాలయాలు దాటించి కాఠ్మాండు దగ్గరి దాకా తరిమాడు. గెలిచినందుకు మొక్కు తీర్చుకుంటూ లాసాలో, పోతలా ప్యాలెస్‌కి దగ్గర్లోని బర్మారీ అనే చిన్న గుట్ట మీద గువాన్ యూకి గుడి కట్టించారు. చింగ్ సైన్యం ఎక్కడుంటే అక్కడ ఆయన గుడి ఉండేది కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం ఏంటంటే, టిబెటన్లు దాన్ని గేసర్ గుడి అన్నారు. గేసర్ అంటే వాళ్ల సొంత వీరగాథ నాయకుడు, లింగ్ రాజ్యపు రాజు, గుర్రం మీద రాక్షసుల్ని వేటాడేవాడు, ఆయన కథని పాడేవాళ్లు రోజుల తరబడి పాడతారు. ఎర్రమొహం, కవచం, కత్తి, పక్కన గుర్రం చూశారు, ఓహో మనవాడే అనుకున్నారు. మంగోలులు కూడా అంతే, వాళ్ల దగ్గర కూడా గువాన్ గుళ్లు గేసర్ గుళ్లయ్యాయి. ఈలోగా లామాలు ఆయన్ని ధర్మరక్షకుల జాబితాలో చేర్చి టిబెటన్ భాషలో ప్రార్థనలు రాసేశారు.

ఒక దేశపు వీరుడు ఇంకో దేశపు వీరుడి ఒంట్లోకి వెళ్లి కూర్చున్నాడు. సరోజ గారూ, కట్టింది సైన్యమే, రుద్దుడే. కానీ పేరు పెట్టింది మాత్రం మొక్కినవాళ్లు.

సందేహాల సరోజ:
సరే, ఈ ఒక్కటి ఒప్పుకుంటా. కానీ టిబెటన్లు చైనా దేవుణ్ణి ఒప్పుకోకుండా ఉండటానికే గేసర్ అన్నారేమో కూడా. పేరు మార్చడం మర్యాదగా కాదనడం కూడా అవుతుంది.

బైలకుప్పె బాటసారి:
అలా నేను ఆలోచించలేదు. కావచ్చు.

చీరాల లెక్కలు:
చైనా బయట లిస్టు చాలా ఉంది. సియోల్‌లో తూర్పు గుడి 1601లో పూర్తయింది, జపాన్ దండయాత్రప్పుడు సాయానికొచ్చిన మింగ్ సైన్యం వల్ల. వియత్నాం హోయ్ ఆన్‌లో 1653 నాటిది, అది వ్యాపారుల రేవు. జపాన్‌లో యోకొహామా. ఎక్కడికి సైనికుడు వెళ్తే అక్కడ యుద్ధ దేవుడు, ఎక్కడికి వ్యాపారి వెళ్తే అక్కడ డబ్బు దేవుడు.

ఖరగ్‌పూర్ రైల్వే:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మన దేశంలో కూడా ఉన్నాడు బాబూ! మేము ఖరగ్‌పూర్ తెలుగోళ్లం, తాత కాలం నుంచి రైల్వేలోనే, కలకత్తా మాకు పక్క వీధి లెక్క. అక్కడ టిరెట్టా బజార్ పాత చైనా పేటలో తూంగ్ ఆన్ అని ఒక గుడి ఉంది, కింద ఒకప్పుడు నాన్‌కింగ్ అనే పేరున్న హోటలు నడిచేది, పైన క్వాన్ టీ. క్వాన్ టీ అంటే మీరు చెప్పే గువాన్ యూనే. ఇంకో తమాషా, కలకత్తాలో చైనా గుళ్లని "చైనీస్ చర్చి" అంటారు, బోర్డు మీద కూడా అలాగే ఉంటుంది. నేను మొదటిసారి చర్చి అనుకుని చెప్పులు విప్పకుండా వెళ్లబోయాను. ముంబైలో కూడా మజ్‌గావ్‌లో 1919 నాటి సీ యిప్ గుడి ఉంది, అక్కడా ఈయనే.

అయితే ఊరి దేవుడు అంటే నాకు గుర్తొచ్చేది అచీపూర్. బజ్‌బజ్ దగ్గర, హుగ్లీ ఒడ్డున. వారెన్ హేస్టింగ్స్ రోజుల్లో తోంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి భూమి తీసుకుని చక్కెర మిల్లు పెట్టాడు. మిల్లు పోయింది, మనిషి పోయాడు, ఊరికి ఆయన పేరు మిగిలింది. ఏటి ఒడ్డున గుర్రపు లాడం ఆకారంలో ఎర్రటి సమాధి. చైనా కొత్త సంవత్సరానికి కలకత్తా చైనీయులంతా వచ్చి ముందు అక్కడ మొక్కుతారు. దగ్గర్లో గుడి, లోపల వాళ్ల భూదేవుడు, భూదేవి బొమ్మలు. చుట్టుపక్కల బెంగాలీ వాళ్లు వాటిని ఖుదా ఖుదీ అంటారు. అదే ఆవరణలో సుందర్‌బన్ పులి దేవుడు దక్షిణ్ రాయ్ కూడా ఉన్నాడు. పేరు చైనా వాడిది, పిలుపు తురకది, పక్కన పులి దేవుడు. ఎవరూ కొట్టుకోరు.

గుంటూరు గోంగూర:
గుళ్లో పులి దేవుడు కూడానా, ఫోటో ఉంటే పెట్టండి బాబాయ్.

ఖరగ్‌పూర్ రైల్వే:
పాత ఫోన్లో ఉండాలి, వెతికి పెడతా.

బెజవాడ బుల్లోడు:
జింగ్‌జౌలో 2016లో సుమారు 58 మీటర్ల కంచు విగ్రహం పెట్టారుగా ఈయనకి, తర్వాత ఊరి అందం చెడిందని, రూల్సు దాటి కట్టారని ప్రభుత్వమే చీవాట్లు పెట్టి 155 మిలియన్ యువాన్లు ఖర్చుతో వేరే చోటికి మార్పించిందని చదివాను. తల పోయింది, ఇప్పుడు స్థలం కూడా పోయింది ఆయనకి.

పాత రాతలు:
అదే ఊరు శత్రువుల చేతికి పోయి ఆయన చచ్చాడు. 1800 ఏళ్ల తర్వాత కూడా జింగ్‌జౌ ఆయన్ని నిలవనివ్వలేదు.

బెజవాడ బుల్లోడు:
హహ్హ మాస్టారూ. ఖరగ్‌పూర్ గారూ, నాకు వచ్చే నెల కలకత్తాలో ట్రైనింగ్ ఉంది. ఆ తూంగ్ ఆన్‌కి ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

ఖరగ్‌పూర్ రైల్వే:
ఆయన పుట్టినరోజు వాళ్ల 6వ నెల 24న, మనకి జులై ఆగస్టుల్లో పడుతుంది. అప్పుడు కుదరకపోతే ఆదివారం వెళ్లు నాన్నా, తెల్లారకముందే టిరెట్టా బజార్ చేరు. రోడ్డు మీద చైనా వాళ్ల టిఫిన్లు పెడతారు, ఆలస్యమైతే ఏమీ మిగలదు. ముందు తిను, తర్వాత గుడికెళ్లు. బిల్లు కట్టడం మర్చిపోకు.